బండిలో ఫ్రిజ్ రాత్రిపూట ఆగిపోతోందా? బ్యాటరీ కొనేముందు వైరు సంగతి చూడండి

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇదీ. 2021 మోడల్ స్కార్పియో. వెనక ఎదురెదురు సీట్లు మడిచి మధ్యలో 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టుకున్నారు. కరెంటు ముందున్న సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి. తాళం తీసినా సాకెట్ పనిచేసేలా మెకానిక్‌తో మార్పించుకున్నారు. ఇంజిన్ నడుస్తున్నంతసేపు బాగానే ఉంటోంది, బండి ఆపి పడుకున్న రెండు మూడు గంటలకు ఎఫ్1 అని చూపించి ఆగిపోతోంది. పొద్దున బండి మాత్రం ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతోంది. షాపులో 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే బ్యాటరీ ఎంత కరెంటు నిల్వ చేస్తుందనే కొలత) ట్యూబులర్ బ్యాటరీ, ఇన్వర్టర్ పెట్టించుకోమన్నారు. దాంతోపాటు ఘాట్ రోడ్డులో ఫ్రిజ్ జరిగి డోరుకు కొట్టుకుంటోంది.

ముందు ఆ 150 ఏహెచ్ బ్యాటరీ ఆర్డర్ ఆపేయండి. బండి ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతోందంటే మీ బ్యాటరీలో కరెంటు ఉంది. అది ఫ్రిజ్ దాకా సరిగ్గా చేరడం లేదు. ఎఫ్1 అంటే ఇలాంటి ఫ్రిజ్‌లలో చాలావాటికి ఒకటే అర్థం, తన దగ్గరికి వచ్చే వోల్టేజి తక్కువైందని. నేను పదకొండేళ్లుగా బండ్ల వైరింగ్ పనిలో ఉన్నాను. ఫ్రిజ్ పాడైందంటూ నా దగ్గరికి వచ్చిన బండ్లలో ఎక్కువ వాటికి ఫ్రిజ్ బాగానే ఉండేది, వైరే సన్నగా ఉండేది.

మీరే చూసుకోవచ్చు. మూడు నాలుగు వందల రూపాయల మల్టీమీటర్ చాలు. ఇంజిన్ ఆపి ఓ అరగంట ఆగండి. ఫ్రిజ్ ఆన్ చేసి, కంప్రెసర్ గుర్రుమని తిరుగుతున్నప్పుడు బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినళ్ల మీద వోల్టేజి చూడండి. వెంటనే వెనక్కి వచ్చి, ఫ్రిజ్‌లోకి వైరు దూరే పిన్ను దగ్గర చూడండి. పిన్ను కొంచెం బయటికి లాగితే మీటరు ముల్లు ఆనేంత సందు వస్తుంది. రెండు ముళ్లూ ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. కంప్రెసర్ ఆగి ఉన్నప్పుడు కొలిస్తే ఉపయోగం లేదు, అప్పుడు రెండు చోట్లా ఒకటే చూపిస్తుంది. నీళ్ల పైపులాంటిదే ఇదీ, కుళాయి కట్టేసి ఉంటే సన్న పైపులో కూడా ప్రెషర్ నిండుగానే ఉంటుంది, తిప్పినప్పుడే తేడా తెలిసేది.

మా బొలెరోలో మొదట్లో నేను చూసిన రీడింగులు: బ్యాటరీ దగ్గర 12.4, ఫ్రిజ్ దగ్గర 10.9. ఒకటిన్నర వోల్టు దారిలోనే పోయింది. లెక్క కట్టినా అంతే వస్తుంది. ఫ్రిజ్‌తోపాటు ఇచ్చే వైరు, డాష్‌బోర్డు లోపలి వైరు సన్నవి. 0.75 స్క్వేర్ ఎంఎం రాగి వైరుకు మీటరుకు దాదాపు 0.025 ఓమ్ రెసిస్టెన్స్ ఉంటుంది. ముందు నుంచి వెనక్కి 5 మీటర్లు అనుకుంటే, పోను రాను 10 మీటర్లు. అంటే పావు ఓమ్. ఫ్రిజ్ 5 ఆంపియర్లు లాగితే 1.25 వోల్టులు అక్కడే ఖర్చు. లైటర్ సాకెట్‌లో స్ప్రింగు కాంటాక్టు దగ్గర పోయేది దీనికి అదనం. ఆ ప్లగ్గును అరగంట తర్వాత పట్టుకు చూడండి, వెచ్చగా ఉంటే ఆ వేడంతా మీ ఫ్రిజ్‌కి చేరాల్సిన కరెంటే. గతుకుల్లో అది వదులై ఊడిపోవడం కూడా మామూలే.

రెండు మూడు గంటల తర్వాతే ఎందుకు ఆగుతోందో చెబుతాను. మీ ఫ్రిజ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ అని హై, మీడియం, లో మూడు సెట్టింగులు ఉంటాయి. చాలా మోడళ్లలో హై మీద 11.1 దగ్గర ఆగి, వోల్టేజి 12.4కి చేరితేగానీ మళ్లీ మొదలవదు. మీది అదే అనుకుందాం. బండి ఆపిన కొత్తలో బ్యాటరీ 12.7 ఉంటుంది, దారిలో ఒకటిన్నర పోయినా ఫ్రిజ్‌కు 11.2 అందుతుంది, సరిపోతుంది. రెండు గంటలకు బ్యాటరీ 12.5కి దిగుతుంది, ఫ్రిజ్‌కు 11.0 అందుతుంది, ఆగుతుంది. ఆగగానే దారిలో నష్టం పోయి వోల్టేజి పైకి లేస్తుంది కాబట్టి కాసేపటికి ఒకసారి మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. చివరికి బ్యాటరీ 12.4 కంటే దిగాక ఇక పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేసేదాకా లేవదు. అప్పటికి బ్యాటరీ సగం కూడా ఖాళీ అయి ఉండదు.

"లో" మీద పెడితే ఆగదు కదా అని మీకు ఎవరో చెప్పే ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఒకసారి ఏప్రిల్‌లో గండికోట వెళ్లినప్పుడు నేను చేసింది అదే. ఫ్రిజ్ రాత్రంతా నడిచింది, నీళ్లు చల్లగా ఉన్నాయి. ఐదున్నరకు తాళం తిప్పితే సెల్ఫ్ టిక్కు టిక్కు మని ఊరుకుంది. అమ్మ ఇన్సులిన్ అదే ఫ్రిజ్‌లో ఉంది. ఎండ ఎక్కేలోపు పాలవ్యాను ఒకటి అటు రావడంతో, ఆ డ్రైవరు తన బ్యాటరీ నుంచి జంపర్ ఇచ్చి స్టార్ట్ చేయించాడు. ఆయన రాకపోతే ఏమయ్యేదో ఇప్పుడు తలుచుకున్నా నాకు టెన్షనే. బండిని స్టార్ట్ చేసే బ్యాటరీ మీద ఫ్రిజ్ నడుస్తున్నన్నాళ్లూ సెట్టింగు హై మీదే ఉండాలి.

ఇక వైరు. బ్యాటరీ నుంచి వెనక దాకా సొంత లైను వేయండి. ఫ్రిజ్ ఒక్కదానికైతే 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు చాలు. పది మీటర్లకు 0.03 ఓమ్, 5 ఆంపియర్లకు నష్టం 0.15 వోల్టు. కానీ రేపు రెండో బ్యాటరీ పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే 10 స్క్వేర్ లాగేయండి. ప్లాస్టిక్ ట్రిమ్ములన్నీ విప్పి వైరు దూర్చే పని రెండుసార్లు చేయడం ఎందుకు? వైరు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఆడియో ఆంప్లిఫయర్ కిట్లలో వచ్చే లావుపాటి ఎర్ర వైరు చూడ్డానికి ఘనంగా ఉంటుంది, కానీ చాలావాటిలో లోపల అల్యూమినియానికి రాగి పూతే. ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి. తెల్లగా కనబడితే పక్కన పెట్టేయండి. హైదరాబాద్‌లో ఉంటే ట్రూప్ బజార్‌లో మంచి మల్టీస్ట్రాండ్ రాగి వైరు మీటర్ల లెక్కన దొరుకుతుంది.

బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. చాలామంది ఫ్రిజ్ దగ్గర పెడతారు, అది తప్పు. మధ్యలో ఎక్కడో వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే, ఫ్యూజు వెనక ఉంటే దానికి ఆ సంగతే తెలియదు. వైరు కాలుతూనే ఉంటుంది. డీజిల్ బండి, లోపల పరుపు, పిల్లలు పడుకుని ఉంటారు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను, ఫ్యూజు లేకుండా ఒక్క రాత్రి కూడా వాడనివ్వను. ఫ్రిజ్ మాత్రమే ఉంటే 20 ఆంపియర్లది, తర్వాత రెండో బ్యాటరీకి చార్జర్ పెట్టినప్పుడు 40ది. వెనక ఫ్రిజ్ వైరుకు వేరేగా 15 ఆంపియర్ల ఫ్యూజు.

ఇంజిన్ గది నుంచి లోపలికి వచ్చే చోట ఇనుప రేకు అంచుకు రబ్బరు గ్రోమెట్ (వైరు తెగకుండా కాపాడే రింగు) వేయించండి. మొత్తం వైరుకు ముడతల స్లీవు తొడగండి. డోరు కింది ప్లాస్టిక్ పట్టీ లోపలినుంచి తీసుకెళ్లండి, సీటు జరిగే పట్టాల దగ్గరికి రానివ్వకండి. లగ్గులు (వైరు కొసకు తొడిగే రాగి రింగులు) సరైన క్రింపింగ్ టూల్‌తో నొక్కించి హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేయించండి. పట్టకారుతో నొక్కి టేపు చుట్టే పని ఆరు నెలలకే వదులవుతుంది.

నెగెటివ్ కూడా వెనక దాకా వైరుతోనే తేవడం నాకు ఇష్టం. ముందు వైపు దాన్ని ఎక్కడ కలుపుతున్నారో చూసుకోండి. చాలా బీఎస్6 బండ్లలో (2020 నుంచి వచ్చిన కాలుష్య ప్రమాణం) బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ పెట్టె ఉంటుంది, ఎంత కరెంటు వచ్చిందీ పోయిందీ అది లెక్క పెడుతుంది. మీ బండికి అది ఉంటే మీ నెగెటివ్ నేరుగా టెర్మినల్‌కి కాకుండా, సెన్సర్ తర్వాత బాడీకి దిగే ఎర్త్ బోల్టుకు కలపాలి. లేకపోతే ఫ్రిజ్ తాగిన కరెంటు ఆ లెక్కలోకి రాదు, చార్జింగ్ లెక్క తప్పుతుంది.

వెనక చివర సిగరెట్ సాకెట్ మళ్లీ పెట్టకండి. అంత మంచి వైరు వేసి చివర్లో అదే స్ప్రింగు కాంటాక్టుకు అప్పగించినట్టవుతుంది. 50 ఆంపియర్ల యాండర్సన్ కనెక్టర్ గానీ, ఎలక్ట్రిక్ సైకిళ్లకు వాడే ఎక్స్‌టీ60 గానీ పెట్టండి. ఫ్రిజ్‌తో వచ్చిన వైరు కోయొద్దు, అలాంటిదే ఇంకొకటి కొని దాని ప్లగ్గు తీసేసి కొత్త కనెక్టర్ వేయించండి. ఇవన్నీ అయ్యాక నా బండిలో నష్టం 0.2 వోల్టుకు దిగింది. అదే బ్యాటరీ, అదే ఫ్రిజ్, హై సెట్టింగు మీదే రాత్రంతా నడిచింది. డిసెంబరులో లంబసింగిలో అనుకోండి. మే నెల ఖమ్మంలో అయితే ఒక బ్యాటరీతో తెల్లారదు.

అందుకే రెండో బ్యాటరీ లెక్క కూడా చెబుతాను. మీ ఫ్రిజ్ కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు సుమారు 45 వాట్లు తీసుకుంటుందనుకోండి. రోజంతా తిరగదు. బయట 33 డిగ్రీలుంటే దాదాపు 40 శాతం సమయం తిరుగుతుంది. 45 వాట్లు, 24 గంటలు, అందులో 40 శాతం, మొత్తం 430 వాట్ అవర్లు, 12 వోల్టులతో భాగిస్తే 36 ఏహెచ్. లంబసింగి చలిలో ఇందులో సగం చాలు. ఎండాకాలం మూసిన బండి లోపల 55 డిగ్రీలు దాటినప్పుడు 65 శాతం తిరిగినా ఆశ్చర్యం లేదు, అది 58 ఏహెచ్. మైనస్ 18 పెట్టి చేపలు గడ్డ కట్టిస్తానంటే ఇంకా పెరుగుతుంది.

షాపువాళ్లు చెప్పిన ట్యూబులర్ బ్యాటరీ ఇంటి ఇన్వర్టర్‌కి మంచిదే. బండిలోకి మాత్రం పనికిరాదు. 50 కిలోలు దాటిన బరువు, లోపల ద్రవ యాసిడ్, చార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వదులుతుంది. మనుషులు పడుకునే చోట అది ఉండకూడదు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ వాడితే దాని ఆయుష్షు కూడా తగ్గిపోతుంది. ఇన్వర్టర్ అసలు అవసరమే లేదు. 12 వోల్టులను 230 చేసి, ఫ్రిజ్ అడాప్టర్‌తో మళ్లీ 12 చేయడమంటే రెండుసార్లు నష్టం, పైగా ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నా కొంత తాగుతుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తీసుకోండి. 100 ఏహెచ్‌ది 12, 13 కిలోలు ఉంటుంది, అందులో 80 శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు. అంటే దాదాపు 1000 వాట్ అవర్లు, మామూలు రోజుల్లో రెండు రోజులు, మే నెలలో ఒకటిన్నర రోజు. రోజూ బండి కదిలే ప్రయాణమైతే 60 ఏహెచ్ కూడా చాలు. ఖాళీ అయిపోయేదాకా దాని వోల్టేజి 13 దగ్గరే నిలబడుతుంది కాబట్టి ఎఫ్1 బెడదా తగ్గుతుంది. బండిలో ఎండ తగిలే అద్దం పక్కన పెట్టకండి. లద్దాఖ్ వెళ్తే ఇంకో సంగతి: సున్నా డిగ్రీల కింద దాన్ని చార్జ్ చేయకూడదు. అలా ఆపే బీఎంఎస్ (బ్యాటరీ లోపల ఉండే కాపలా సర్క్యూట్) ఉన్నదే కొనండి.

దీన్ని ఆల్టర్నేటర్‌కి (ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసేది) నేరుగా కలిపే రిలేలు, అంటే ఆటోమేటిక్ స్విచ్చులు, చౌకగా దొరుకుతాయి. మీ బండికి వద్దు. లిథియం బ్యాటరీ ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, ఐడిలింగ్‌లో గాలి సరిగా తగలని ఆల్టర్నేటర్ వేడెక్కుతుంది. బీఎస్6 బండ్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ వోల్టేజి ఒకచోట నిలబడదు, డీజిల్ ఆదా కోసం పైకీ కిందకీ మారుతుంటుంది, దాంతో ఆ రిలే కలుస్తూ విడిపోతూ ఉంటుంది. 20 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ (ముందు నుంచి వచ్చే కరెంటును రెండో బ్యాటరీకి తగినట్టు మార్చి ఇచ్చేది) కొని, వెనకున్న బ్యాటరీ పక్కనే బిగించండి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడే పనిచేసేలా సన్న సిగ్నల్ వైరు ఒకటి ఇవ్వాలి. రెండు గంటల డ్రైవింగ్‌తో 40 ఏహెచ్ ఎక్కుతుంది, అంటే మామూలు రోజు ఫ్రిజ్ తిన్నదంతా తిరిగొచ్చినట్టే.

సోలార్ గురించి రెండే మాటలు. టాప్ మీద పరిచిన 100 వాట్ల ప్యానెల్ మన ఎండకు రోజుకు 350 వాట్ అవర్ల దాకా ఇస్తుంది. కానీ దానికోసం బండిని ఎండలో పెడితే లోపల ఫ్రిజ్ అంతకంతా తినేస్తుంది. మడత ప్యానెల్, పొడుగు వైరు తీసుకుని బండిని చెట్టు కింద పెట్టుకోవడం మేలు. చార్జ్ కంట్రోలర్ లేకుండా ప్యానెల్ కలపకండి.

ఇప్పుడు బిగింపు. ఫ్రిజ్ జరిగి డోరుకు కొట్టుకుంటోందని మీరు చివర్లో ఒక్క ముక్కలో రాశారు. నా లెక్కలో మీ సమస్యల్లో పెద్దది అదే. ఫ్రిజ్ 15 కిలోలు, లోపల నీళ్లూ కూరలూ 20 కిలోలు, మొత్తం 35. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుని అర మీటరులో బండి ఆగిపోతే, ఆ 35 కిలోల పెట్టె దాదాపు 700 కిలోల బలంతో ముందుకొస్తుంది. ముందు సీటులో ఎవరు కూర్చుంటారో మీకు తెలుసు. బైకులకు కట్టే కొక్కేల రబ్బరు తాళ్లు ఇక్కడ ఎందుకూ పనికిరావు.

నేను చేసే పద్ధతి ఇది. 12 ఎంఎం మెరైన్ ప్లైవుడ్, ఐఎస్ 710 ముద్ర ఉన్నది, ఫ్రిజ్ అడుగు కంటే నాలుగు అంగుళాలు ఎక్కువ కొలతకు కోయించండి. దాన్ని బండి కంపెనీ ఇచ్చిన సీటు బోల్టులకే బిగించండి, అవి మనుషుల బరువుకు లెక్క కట్టి పెట్టినవి. కొత్త రంధ్రం వేయక తప్పకపోతే ముందు బండి కిందికి దూరి చూడండి. డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైరింగ్ ఎక్కడున్నాయో చూశాకే డ్రిల్లు. 8.8 గ్రేడ్ ఎం8 బోల్టులు, కింద అరచేయంత ఇనుప పట్టీ, కోసిన చోట తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్.

ప్లైవుడ్ మీద 25 ఎంఎం ఎల్ యాంగిల్‌తో ఒక చట్రం కట్టించండి, ఫ్రిజ్ అడుగు మూడు అంగుళాలు అందులో కూర్చునేలా. విజయవాడ ఆటోనగర్‌లో గంట పని. లోపలి అంచులకు రబ్బరు పట్టీ అంటించండి, ఫ్రిజ్ ఒరుసుకోదు. దాని మీదుగా రెండు రాట్చెట్ స్ట్రాప్‌లు (పిడి ఆడించి బిగించే బెల్టులు), రెండు కొసలూ ప్లైవుడ్‌కు బిగించిన ఐ బోల్టులకు (తల రింగులా ఉండే బోల్టులు). ఫ్రిజ్ ప్లాస్టిక్ హ్యాండిళ్లకు మాత్రం కట్టొద్దు, అవి చేత్తో ఎత్తడానికే. ఒక స్ట్రాప్ మూత మీదుగా వస్తుంది కాబట్టి తెరిచినప్పుడల్లా వదులు చేయాలి, విసుగనిపించినా తప్పదు. బిగించాక ఫ్రిజ్‌ను పట్టుకుని గట్టిగా ఊపండి. ఫ్రిజ్‌తోపాటు బండి ఊగాలి.

బయటికి లాగే స్లైడ్ ట్రే గురించి కూడా అడిగారు. 40 లీటర్ల ఫ్రిజ్‌కి నేను పెట్టను. ట్రే ఒక్కటే పది కిలోలు ఉంటుంది, లోపలా బయటా రెండు చోట్లా తాళం పడేది కాకపోతే ఏటవాలులో చేతివేళ్లు నలుగుతాయి. పెట్టుకుంటే వైరుకు మూరెడు వదులు వదిలి క్లిప్పులు వేయండి. ఇంకో మాట, సీట్లు శాశ్వతంగా పీకేయకండి. ఎన్ని సీట్లో ఆర్‌సీలో రాసి ఉంటుంది, దాన్ని మార్చాలంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్టీవో అనుమతి కావాలి. మడిచి ఉంచినంత వరకు ఇబ్బంది లేదు.

గాలి ఆడే జాలీ ఏ వైపు ఉందో చూసి అటు కనీసం 10 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. ఎంత ఖాళీ వదిలినా సామాన్లు సర్దేటప్పుడు అందులోకి ఏదో ఒకటి వస్తుంది. అరకు దారిలో మా వదిన దుప్పట్లు సరిగ్గా ఆ సందులోకే నొక్కి పెట్టింది. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంది, లోపల మాత్రం 14 డిగ్రీలు. దుప్పటి లాగితే ఇస్త్రీ చేసినంత వేడిగా ఉంది. అప్పటి నుంచి ఆ వైపు చట్రానికి ఒక ఇనుప మెష్ నిలబెట్టాను, సామాను దాన్ని దాటి రాదు.

బయల్దేరే ముందు రాత్రి ఇంట్లో కరెంటు మీదే ఫ్రిజ్‌ను చల్లబరచి, ఇంటి ఫ్రిజ్‌లో చల్లబడిన సామానే అందులో సర్దండి. వేడి పప్పు గిన్నె పెడితే దాన్ని చల్లార్చే కరెంటు మీ బ్యాటరీదే. ఖాళీ మిగిలితే గడ్డకట్టిన నీళ్ల సీసాలతో నింపండి.

మీ నాన్నగారికి ఇన్సులిన్ ఉందని రాశారు కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డ కడితే పాడైనట్టే, కరిగాక చూడ్డానికి మామూలుగా కనిపించినా వాడకూడదు. ఈ ఫ్రిజ్‌లలో గోడలు, అడుగు బాగా చల్లబడతాయి, తెర మీద 4 చూపిస్తున్నా గోడకు ఆనిన సీసా సున్నాకు దిగొచ్చు. ఒక చిన్న డబ్బాలో తువ్వాలు చుట్టి, పై బుట్టలో, గోడకూ ఐసు సీసాలకూ తగలకుండా పెట్టండి. ఫ్రిజ్ 5 మీద ఉంచండి. వైరు ముల్లు ఉన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొని ఆ ముల్లు డబ్బా లోపలే ఉంచండి. తెర మీది అంకె కంటే దాన్నే నమ్మండి.

రేపు మల్టీమీటర్ తెచ్చి ఆ రెండు రీడింగులు, బ్యాటరీ దగ్గరిది, ఫ్రిజ్ పిన్ను దగ్గరిది, కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు తీసి రాయండి. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ఫోటో కూడా పెట్టండి, సెన్సర్ ఉందో లేదో చూసి ఎర్త్ ఎక్కడ కలపాలో చెబుతాను.